తోక తిప్పాలని చెప్పలేదు

నవంబర్ 28, శుక్రవారం

తీర్మానం: నల్ల పెన్ను కనేమిత్సు టీచరుగారికి ఇచ్చేస్తున్నాను. డిసెంబర్ 5 లోపు. ఇక తిరుగు లేదు!

సాయంత్రం 4:10. టీచరుగారు మడమ ఊడిన బూటు పట్టుకుని కొట్టుకి వచ్చారు. ఎనభై ఆరేళ్ళ మనిషి. నాకు అయిదో క్లాసూ ఆరో క్లాసూ చెప్పారు. చెప్పడం ఆవిడ వంతు, వినకపోవడం నా వంతు. ఇప్పుడు నాకు యాభై నాలుగు. బజారు వీధిలో బూట్ల మడమలు మారుస్తాను, తాళాలకి మారు చెవులు కోస్తాను.

జిగురు ఆరేదాకా కూర్చోబెట్టాను. ఈ ఏటితో కొత్త సంవత్సరం కార్డులు ఆపేస్తున్నానన్నారు. మా ఊళ్ళో ముసలివాళ్ళందరూ ఇప్పుడు చేస్తున్న పనే. "ఇదే ఆఖరి కార్డు, వచ్చే ఏడాది ఎదురు చూడకండి" అని అందరికీ రాసి సెలవు తీసుకుంటారు. టీచరుగారికి నూట పన్నెండు మంది పాత పిల్లలు. అందరికీ చేత్తోనే రాస్తానని పట్టు. చిక్కల్లా బొటనవేలి కీలు. బాల్‌పెన్ను నొక్కి రాస్తే నాలుగో కార్డుకే చెయ్యి వాస్తోందట.

నేను నోరు జారాను. నొక్కక్కర్లేని పెన్ను నా దగ్గరుంది టీచర్, మీకే ఇచ్చేస్తాను అన్నాను.

సాక్షులు: లోపల పద్దులు చూస్తున్న నా భార్య యుకారి. పక్క కొట్టు నుంచి టీ కోసం వచ్చిన మంగలి మోరిషిగె. వీడు కూడా ఆవిడ దగ్గరే చదివాడు, నా పక్క బెంచీ. ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూశారు.

టీచరుగారు వెళ్ళాక యుకారి అంది: "ఏడు నెలలు ఆ పెన్నుని చూసినట్టు నన్ను ఏడు నిమిషాలు చూడలేదు. నువ్వు ఇస్తావా?"

ఇస్తాను. దానం చేసేవాడి మొహం ఎలా ఉంటుందో అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉంది.


నవంబర్ 29, శనివారం

ఉదయం 7:30. మనసు దూదిలా తేలికగా ఉంది.

పెన్ను గురించి ఒకసారి రాసి పెట్టుకుంటాను, తర్వాత నా దగ్గర ఉండదు కదా. వసంతంలో ఫుకుహారా కాగితాల కొట్టు మూసేశారు. ముసలాయన ఒక బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టి, పారేయాలంటే చెయ్యి రావడం లేదు, నువ్వు పారెయ్ అన్నాడు. డబ్బా నిండా విరిగిన పెన్నులు. వాటి అడుగున ఇది. యుద్ధానికి ముందుది. నలుపు పోయి టీ డికాషన్ రంగుకి తిరిగింది. బంగారం పాళీ చిలక ముక్కులా వంగి ఉంది.

ఏప్రిల్: పాళీ సరిచేయడం. బూట్ల మేకులు తిన్నగా కొట్టే చెయ్యి కదా, వెంట్రుకవాసి కదపడానికి వారం పట్టింది.
మే, జూన్: లోపలి బిరడా కుళ్ళిపోయింది. మా పెళ్ళిరోజుకి తెచ్చిన ద్రాక్షసారా సీసా బిరడా కోసి కొత్తది చేశాను. సీసా తెరిచే ఉంచాను. సారా పులిసింది. యుకారి కూడా.
జూలై నుంచి: చెట్టు లక్క పూత, తొమ్మిది సార్లు. పచ్చి లక్క ఒంటికి పడదు. మూడు వారాలు మొహం బూరెలా పొంగింది. తడిలోనే ఆరుతుందని స్నానాల గదిలో పెట్టాను. ఇంట్లో ఇద్దరం ఆ వేసవంతా వీధి చివర స్నానశాలకి పోయి వచ్చాం.

నా జన్మలో మొదలుపెట్టి పూర్తి చేసిన పని ఇదొక్కటే. హైస్కూలు కూడా సగంలోనే వదిలేశాను.

11:00. ఆఖరిసారి సిరా పోసి రాసి చూశాను. నూనె రాసిన తాళంలో చెవి తిరిగినట్టు రాస్తుంది.

11:20. ఇంకోసారి చూశాను.

మధ్యాహ్నం 2:45. ఒక బామ్మ తాళం చెవి కోసం ముప్పావు గంట నుంచి నిలబడి ఉందట. యుకారి చెప్పింది.


డిసెంబర్ 2, మంగళవారం

ఇవాళ ఇచ్చేద్దామని తెల్ల కాగితంలో చుట్టాను. కేలండర్ చూస్తే 'బుద్ధుడు కన్నుమూసిన రోజు' అని పేరున్న చెడ్డ రోజు. వారంలో ఒకటి వస్తుంది, ఏ మంచి పనీ చేయకూడదు. పెళ్ళిళ్ళు పెట్టుకోరు, బండి కొనరు. ఇలాంటి రోజున పెద్దావిడకి కానుక ఇస్తే ఏమైనా ఉందా?

మోరిషిగె నవ్వాడు. "నువ్వు పెళ్ళి చేసుకుందే ఆ రోజున కదరా. హాలు సగం అద్దెకి వస్తుందని."

వాడికి జ్ఞాపకశక్తి ఎక్కువ. అందుకే జుట్టు ఊడింది.


డిసెంబర్ 3, బుధవారం

ఇవాళ నెల మొత్తంలో అన్నిటికంటే మంచి రోజట. ఖర్మ.

9:00. వాన పడేలా ఉంది. లక్క తడవకూడదు.
10:00. లక్క గిన్నెల్లోనే కదా జనం వేడి పులుసు తాగుతారు, అంది యుకారి.
12:00. సిరా ఏ రంగు పోయాలో తేల్చుకోవాలి. నలుపా, నీలం కలిసిన నలుపా? తొందరపడితే తర్వాత బాధపడాలి.
5:00. వాన పడలేదు.


డిసెంబర్ 5, శుక్రవారం

ఇచ్చేశాను!

మధ్యాహ్నం 3:00. టీచరుగారి ఇల్లు కొండవాలులో ఉంది. నూట తొంభై మెట్లు. పెన్ను గుండె జేబులో. ఎక్కేటప్పుడు దాని బరువు తెలిసింది, తూస్తే ముప్పై గ్రాములు లేదు.

పాత పత్రిక వెనక రాసి చూడమన్నాను. ముందు భయపడుతూ ఒక అడ్డగీత గీశారు. తర్వాత తన పేరు. తర్వాత నా పేరు. ఒకసారి చెయ్యి తెరిచి మూసి చూసుకున్నారు.

"ఇది నా మాట వింటోంది ఒకిమోటో," అన్నారు. "మా క్లాసులో నీకంటే నయం."

మూత ఎలా తిప్పాలో చెప్పాను. నొక్కొద్దన్నాను. కుంచెకి వాడే చిక్కటి సిరా పోయొద్దన్నాను. అన్నీ చెప్పి, టీ తాగి, మెట్లు దిగి వచ్చేశాను.

4:30. జేబు ఖాళీగా ఉంది. గొప్పగా ఉంది.

5:10. ఒకటి చెప్పడం మర్చిపోయాను. తోక సంగతి.

ఈ రకం పెన్ను కడుపంతా సిరాయే. కారకుండా ఉండడానికి వెనక చివర, తోక దగ్గర, ఒక తిరుగుడు బిళ్ళ ఉంటుంది. రాసేముందు దాన్ని రెండు చుట్లు వదులు చేయాలి. చేయకపోతే లోపల దారి మూసుకునే ఉంటుంది. పాళీ కింద నాలుకలో ఉన్న కాస్త సిరా రెండు కార్డులకి వస్తుంది, ఆ తర్వాత చుక్క రాదు. టీచరుగారు పెన్ను పట్టే నాటికే ఇలాంటివి పాతబడిపోయాయి, ఆవిడకి తెలిసే అవకాశం లేదు.

ఫోన్ చేయొచ్చు. కానీ భోజనం వేళ. పెద్దవాళ్ళని భోజనం మధ్యలో లేపకూడదు.


డిసెంబర్ 6, శనివారం

8:00. ఆవిడ వ్యాయామం చేసే వేళ.
11:00. కొట్లో జనం. ఏడాది చివర అందరికీ మడమలు గుర్తొస్తాయి.
3:00. ఫోన్ ఎత్తాను. మోరిషిగె కొట్టు నంబరు నొక్కి, మీ కొట్టు గుర్తుగా తిరిగే ఎర్రా నీలం చారల స్తంభం వెనక్కి తిరుగుతోంది, జుట్టు మొలిపిస్తారా అని ఆడగొంతుతో అడిగాను. బయటికి పరిగెత్తుకొచ్చి చూశాడు. నిజంగానే వెనక్కి తిరుగుతోంది. పొద్దున తీగలు మార్చింది నేనే.

టీచరుగారికి రేపు చేస్తాను.


డిసెంబర్ 8, సోమవారం

ఉదయం 10:40. టీచరుగారు కొట్టుకి వచ్చారు. నూట తొంభై మెట్లు దిగి, బస్సెక్కి. చేతిలో పెన్ను, నా తెల్ల కాగితంలోనే, నేను చుట్టినదానికంటే నీటుగా చుట్టి. ఇంకో చేతిలో నారింజల పెట్టె.

రెండు కార్డులు బ్రహ్మాండంగా వచ్చాయట. మూడో దానికి ఆగిపోయిందట. కడిగి చూశారు, గోరువెచ్చని నీళ్ళలో పాళీ పెట్టి చూశారు, మూడు రోజులు చూశారు. కార్డుకి ఒక గీత, ఆ పైన రాదు.

"తప్పు పెన్నుది కాదు," అన్నారు. "నువ్వు ముందే చెప్పావు, తేలిక చెయ్యి కావాలని. నాది ఇప్పుడు తేలిక చెయ్యి కాదు, పనికిరాని చెయ్యి. మంచి వస్తువు నా దగ్గర పాడవకూడదు."

నేను నోరు తెరిచాను. టీచర్, అన్నాను. ఏమిటన్నారు. నారింజలు మంచి రంగున్నాయన్నాను.

మా దగ్గర ఎవరైనా కానుక ఇస్తే అందులో సగం విలువైనది తిరిగి పంపడం ఆనవాయితీ. ఆవిడ పెన్ను మొత్తం తిరిగి ఇచ్చి, పైన సగం కూడా ఇచ్చి పోయారు. నాకు ఇంత లాభసాటి దానం ఎప్పుడూ పడలేదు.

11:15. పెన్ను జేబులో ఉంది. తోక రెండు చుట్లు వదులు చేశాను. హాయిగా రాస్తోంది. ఈ ముక్కలన్నీ దానితోనే.


డిసెంబర్ 9, మంగళవారం

భూతద్దం పెట్టి పాళీ చూశాను. సిరా రాకపోతే ఎవరైనా కోపంతో నొక్కుతారు. నొక్కితే పాళీ కొసలు విడిపోతాయి. నేను అది చూసి కాస్త కోప్పడదామని కూడా సిద్ధపడ్డాను.

వెంట్రుకవాసి కూడా విడిపోలేదు. మూడు రోజులూ ఆవిడ నొక్కలేదు.

డిసెంబర్ 5న "మర్చిపోయాను" అని రాశాను. మర్చిపోలేదు. మూత గురించి చెబుతున్నప్పుడే తోక గురించి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. టీ బాగుందన్నాను.

సరే, రాశాను. డైరీ కదా, ఎవరు చూస్తారు.


డిసెంబర్ 11, గురువారం

యుకారి చూసింది. డైరీ కాదు, నా చెయ్యి. పెన్ను తీసిన ప్రతిసారీ నా వేళ్ళు ముందు తోక దగ్గరికే పోతాయట, ఏడు నెలలుగా చూస్తోందట.

"టీచరుగారికి ఆ బిళ్ళ సంగతి చెప్పావా?"

సరిగ్గా గుర్తులేదన్నాను. చెప్పే ఉంటానన్నాను. పెద్దవాళ్ళు మర్చిపోతూ ఉంటారన్నాను. మూడు జవాబులు. ఒకటి చాలేది.

తను ఒలుస్తున్న నారింజని, సగం ఒలిచినదాన్ని, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. ఆ పెట్టె ఇప్పుడు నా బల్ల మీద ఉంది. తినమని ఎవరూ అనడం లేదు.


డిసెంబర్ 14, ఆదివారం

నా తరఫున కొన్ని మాటలు, న్యాయంగా:

పెన్ను కష్టం నాది. మొహం పొంగింది నాకు. నూట పన్నెండు మందిలో సగం మంది ఆ కార్డు చదివి చెత్తబుట్టలో వేస్తారు. పైగా వాళ్ళందరికీ ఫోన్లున్నాయి. పైగా ఆవిడే తిరిగి ఇచ్చారు, నేను అడగలేదు. పైగా

ఇక్కడ యుకారి అన్నానికి పిలిచింది. పైగా ఏమిటో తర్వాత గుర్తు రాలేదు.


డిసెంబర్ 16, మంగళవారం

నిన్నటి నుంచి తపాలా ఆఫీసులో కొత్త సంవత్సరం కార్డులు తీసుకుంటున్నారు. ఇరవై అయిదు లోపు వేస్తేనే ఒకటో తారీఖు పొద్దున ఇంటికి చేరతాయి.

మోరిషిగె వచ్చి కూర్చున్నాడు. టీచరుగారు బాల్‌పెన్నుతో పందొమ్మిది రాసి ఆపేశారట, చేతికి కట్టు కట్టారట. వీడు తన కంప్యూటర్లో అచ్చు వేసి ఇస్తానన్నాడట. వచ్చేది గుర్రం ఏడాది కదా, గుర్రం బొమ్మ, కింద నాలుగు వరసలు, అందరికీ ఒకటే. నమూనా తీసుకెళ్ళి చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసి, బాగుంది మోరిషిగె, ఇది సెలవు కాదు, నోటీసు అన్నారట.

"నువ్వేదో పెన్ను ఇస్తానన్నావు కదరా?" అన్నాడు.

ఇచ్చాను, ఆవిడకి పడలేదు అన్నాను. మాట సాఫీగా వచ్చింది.


డిసెంబర్ 19, శుక్రవారం

సరే. చెప్పేస్తాను. పెన్ను జేబులో పెట్టుకుని బయల్దేరాను.

2:20. అరవయ్యో మెట్టు. ఏమని మొదలుపెట్టాలి?
2:26. నూటో మెట్టు. "టీచర్, ఒక చిన్న విషయం." చిన్న విషయమా?
2:31. నూట నలభయ్యో మెట్టు. పై ఇంటి ఆవిడ చెత్త సంచీతో దిగుతూ పలకరించింది. టీచరుగారు నిన్న కుంచెలూ, సిరా అరగదీసే సిరారాయీ అన్నీ వార్డు సంఘం వాళ్ళకి ఇచ్చేశారట. అరవై ఏళ్ళు వాడినవి. ఎందుకండీ అంటే, చెయ్యి సెలవు అడిగిందమ్మా, మంజూరు చేశాను అన్నారట.
2:32. దిగాను.

దిగడం ఎంత తేలికో. మోకాళ్ళు వాటంతటవే పనిచేస్తాయి.


డిసెంబర్ 22, సోమవారం

ఏడాదిలో పొట్టి రోజు. ఆనవాయితీగా గుమ్మడికాయ కూర, స్నానం నీళ్ళలో నిమ్మకాయలు. యుకారి కూర ముందు పెట్టి అంది:

"పెన్ను ఇవ్వకపోతే పోయె, పిసినారివి అనుకుంటాను. తన చెయ్యే చెడిపోయిందని ఆవిడని నమ్మించావే, దాన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు."

రేపు చెబుతాను.


డిసెంబర్ 23. వాన. నిజం వాన.

డిసెంబర్ 24. యుకారి అక్క వచ్చింది, పొయ్యి మీద కోడి.

డిసెంబర్ 25, గురువారం

సాయంత్రం 5:00. తపాలా ఆఫీసు ముందు నుంచి వచ్చాను. ఎర్ర పెట్టె పక్కన కొత్త సంవత్సరం కార్డుల కోసం పెట్టిన ఇంకో పెట్టెని ఒకతను లోపలికి తీసుకుపోతున్నాడు. ఏమైనా వేయాలా అని అడిగాడు. లేదన్నాను.

పెన్నులో సిరా అయిపోయింది. మళ్ళీ పోయలేదు. ఈ ముక్క తాళాల రసీదు పుస్తకం పెన్సిల్‌తో.


జనవరి 1, గురువారం

కొత్త సంవత్సరం.

9:30. కార్డుల కట్ట వచ్చింది. బూట్ల జిగురు కంపెనీ, యుకారి అక్క, పళ్ళ డాక్టరు, వాటర్ హీటర్ బాగుచేసే మనిషి. రెండుసార్లు తిరగేశాను.

టీచరుగారి కార్డు లేదు. నాకు పన్నెండేళ్ళప్పటి నుంచి ఏటా వచ్చేది. జైలుకి పోకుండా ఉన్నందుకు అభినందనలు అని ఒక ఏడాది, పెళ్ళాం మంచిదట, పాపం అని ఇంకో ఏడాది. నలభై రెండు కార్డులు. బాగున్నావా అని కాక ఎప్పుడూ ఇంకేదో ఒకటి.

11:00. మోరిషిగె వచ్చాడు. వాడికీ రాలేదు. రాకపోతే ఫోన్ చేశాడట. టీచరుగారు గొంతు మార్చకుండా, రాయలేకపోయాను మోరిషిగె, రాయని కార్డు కూడా ఆఖరిదే అనుకో, అన్నారట.

వాడి స్తంభం ఇంకా వెనక్కే తిరుగుతోంది. ఇంతవరకూ సరిచేయించుకోలేదు.


జనవరి 2, శుక్రవారం

10:15. మెట్లు లెక్కపెట్టకుండా ఎక్కాను.

టీచరుగారు దుప్పటి కప్పి కాళ్ళు కాచుకునే వెచ్చబల్ల ముందు కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి దుప్పటి లోపల. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు అంటూ నేల మీదికి వంగి, లేవకుండా అలాగే చెప్పాను. తోక తిప్పాలి టీచర్.

"ఎవరి తోక?"

పెన్ను తోక అన్నాను. అంతా చెప్పాను. రెండు చుట్లు, నాలుకలో సిరా, మూడో కార్డు. ఆవిడ మధ్యలో ఆపలేదు.

"నాకు చెప్పాలని నీకు ఎప్పుడు గుర్తొచ్చింది?"

ఆ రోజేనన్నాను.

"ఆ రోజు ఎప్పుడు?"

మీకు మూత గురించి చెబుతున్నప్పుడు అన్నాను.

చెయ్యి దుప్పటిలోంచి తీసి బల్ల మీద పెట్టారు. కట్టు విప్పేసి ఉంది. కాసేపు దాన్నే చూశారు, నన్ను చూడలేదు.

"నెల రోజులుగా దీన్ని తిడుతున్నాను, ఒకిమోటో. ఒక్క మాట కూడా తిరిగి అనలేదు." తర్వాత అన్నారు: "నువ్వు ఆరో క్లాసులో బడి గడియారం ఇరవై నిమిషాలు ముందుకి తిప్పావు. అప్పుడు బడి మొత్తం ఇరవై నిమిషాలు ముందు ఇంటికి పోయింది. నాకు నవ్వొచ్చింది, బయటికి నవ్వలేదంతే. ఈసారి నన్ను ఒక్కదాన్నే ఇంటికి పంపావు."

నేను వంగే ఉన్నాను. నడుం పట్టేసింది. లెమ్మని అనలేదు.

చాలాసేపటికి అడిగారు: "పెన్నేది?"

తేలేదన్నాను.

"క్షమించమని అడగడానికి వచ్చి, తేలేదా?"

"తెస్తే ఇవ్వాల్సి వస్తుందని భయమేసింది, టీచర్."

గోడ మీద కేలండర్ తీయించారు. ఏడో తారీఖుతో కొత్త సంవత్సరం ముచ్చట అయిపోతుంది. ఎనిమిది నుంచి, వసంతం మొదలయ్యే దాకా, చలి పలకరింపు కార్డులు రాయొచ్చు. ఏడాది చివర కుదరనివాళ్ళు అలాగే రాస్తారు. ఆ నూట పన్నెండూ అలా పోతాయన్నారు, బాల్‌పెన్నుతో రాసినవి కూడా మళ్ళీ మొదటి నుంచి. ఎనిమిదో తారీఖు తొమ్మిదింటికి పెన్నుతో రమ్మన్నారు. వార్డు సంఘానికి పోయి సిరారాయీ కుంచెలూ అడిగి తెమ్మన్నారు, ఎందుకు తిరిగి కావాల్సి వచ్చిందో అందరి ముందూ నా నోటితోనే చెప్పి.

చెప్పాను. ఎనిమిది మంది ఉన్నారు. అందులో ముగ్గురు నా దగ్గర మడమలు వేయించుకుంటారు.


జనవరి 8, గురువారం

9:00. ఇచ్చాను. తోక చూపించాను. రెండు చుట్లు ఆవిడే తిప్పారు.

మొదటి కార్డు. రెండు. మూడో దాని మీద ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఆగలేదు. నాలుగు. చెయ్యి కాగితం మీద ఊరికే వాలి ఉంది, నొక్కడం లేదు, పెన్నే నడిపిస్తున్నట్టుంది. ఆరు కార్డులు అయ్యాక ఆపి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూసుకున్నారు. వాపు లేదు.

థాంక్స్ చెబుతారేమోనని కూర్చున్నాను.

"నీ నీడ పడుతోంది, జరుగు," అన్నారు.

ఇంటికొచ్చాక యుకారి పెట్టెలోంచి నారింజ తీసి ఒలిచింది. సగం ఎండిపోయాయి. ఇద్దరం తిన్నాం.


జనవరి 11, ఆదివారం

అక్షరాలు గుమ్మడికాయలంత పడుతున్నాయి. కారణం ఉంది.

పొద్దున మెట్లెక్కి, టీచర్, ఇలాంటి పెన్నుని ఏడు రోజులకి ఒకసారి కడగాలి, అది నా చేతుల్తోనే అయితే మంచిది, ఇవాళ తీసుకెళ్ళి రేపు తెస్తాను అన్నాను. అబద్ధం. నెలకోసారి చాలు. ఏడు రోజులు కూడా కాలేదు, మూడే అయ్యాయి. ఆవిడ లెక్కపెడతారని నాకు తోచలేదు.

నన్ను పైనుంచి కింది దాకా చూశారు. కార్డు పూర్తి చేసి, తోక బిగించి, పెన్ను నా చేతిలో పెట్టారు. తర్వాత చెయ్యి చాపి నా ముక్కు మీద నుంచి కళ్ళద్దాలు తీసేసుకున్నారు.

"పెన్ను తెచ్చి, ఇవి తీసుకెళ్ళు."

మెట్లు ఎలా దిగానో నాకు తెలుసు, పిర్రలకి తెలుసు. కొట్టు మూసేశాను, చెవి ఏదో తాళం ఏదో కనపడితే కదా. మోరిషిగె మొహంలో మొహం పెట్టి, ఎవరో చెప్పుకో అన్నాడు. కొబ్బరికాయ అన్నాను.

పెన్ను కడిగాను. అవసరం లేకపోయినా కడిగాను. ముక్కు ఆనించి చూస్తే కూడా నల్లటి మచ్చలా తప్ప కనపడదు. చేతికి మాత్రం తెలుస్తోంది. మూత దగ్గర, నేను తొమ్మిది పూతలు వేసిన చోట, ఆవిడ బొటనవేలు ఆనే దగ్గర కాస్త నునుపెక్కింది. మూడు రోజుల్లోనే.

ఇరవై నాలుగు కార్డులు పోయాయి. ఎనభై ఎనిమిది మంది మిగిలారు. వరసలో నాది ఆఖరి పేరట, అది శిక్షో మర్యాదో చెప్పలేదు. నా కార్డు రాసేశాక ఇక ఆవిడకి పెన్నుతో పనేముంది అని ఒక ఆలోచన మధ్యాహ్నం నుంచి నా చుట్టూ ఈగలా తిరుగుతోంది. రాయడానికి ఇంకా కిరాణా చీటీలున్నాయి, ఉత్తరాలున్నాయి, నన్ను తిట్టడం ఉంది. పని ఉంది.

తీర్మానం: నల్ల పెన్ను కనేమిత్సు టీచరుగారికి ఇచ్చేస్తున్నాను. ఆఖరి కార్డు తర్వాత కూడా అది ఆవిడదే. రేపు సోమవారం, ఉదయం పది గంటలకి. తీర్మానానికి అదే మొదటి రోజు.

పదింటికి చేరాలంటే తొమ్మిదికే బయల్దేరాలి. నూట తొంభై మెట్లు, తడుముకుంటూ.